అభ్యసన వైకల్యం – తెలుగు అవగాహన: ఆఖ్యానం, లిపి, తరగతి గది (దేవరుప్పుల ప్రాంత నేపథ్యంలో ఒక విమర్శ)

సారాంశం

తెలివికి లోటు లేకపోయినా చదవడంలో, రాయడంలో, లెక్కలు చేయడంలో కొందరు పిల్లలకు ఎడతెగని ఇబ్బంది ఉంటుంది. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం ఈ స్థితిని ‘నిర్దిష్ట అభ్యసన వైకల్యం’గా గుర్తించింది. తెలుగు సమాజం మాత్రం ఈ బిడ్డను ఇప్పటికీ రెండు కోణాల నుంచే చూస్తున్నది. మొదటిది కథలు, నానుడులు నేర్పిన ‘మొద్దు’ అనే ముద్ర. రెండవది ఇంగ్లీషు నుంచి అనువాదమై వచ్చిన లక్షణాల పట్టిక. ఈ రెండింటిలోనూ తెలుగు అక్షరానికి చోటు లేదు. తెలుగు ఆఖ్యానాలలో చదువురాని పాత్రల చిత్రణను, తెలుగు లిపి స్వభావాన్ని, జనగామ జిల్లా దేవరుప్పుల వంటి మండలంలోని భాషాస్థితిని కలిపి పరిశీలించి, అభ్యసన వైకల్యాన్ని తెలుగులో అర్థం చేసుకోవడానికి తెలుగు లిపి నుంచే మొదలుపెట్టాలని ఈ వ్యాసం ప్రతిపాదిస్తున్నది.

కీలకపదాలు: అభ్యసన వైకల్యం, డిస్లెక్సియా, తెలుగు లిపి, ఉక్తలేఖనం, ముగ్ధత్వం, మాండలికం, దేవరుప్పుల

1. ప్రవేశిక

1896లో ఇంగ్లండుకు చెందిన వైద్యుడు ప్రింగిల్ మోర్గాన్, పద్నాలుగేళ్ల బాలుడొకడి గురించి బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఒక చిన్న వ్యాసం ప్రకటించాడు. ఆ బాలుడు చురుకైనవాడు, అంకెలు తేలికగా చదవగలడు, కాని మాటలు చదవలేడు. బోధనంతా నోటిమాటగానే సాగితే బడి మొత్తంలో ఇతడే అందరికన్నా తెలివైనవాడు అయ్యేవాడని అతని ఉపాధ్యాయుడు అభిప్రాయపడినట్లు మోర్గాన్ నమోదు చేశాడు. డిస్లెక్సియా అధ్యయన చరిత్రలో మొదటి మైలురాళ్లలో ఒకటిగా ఈ వ్యాసాన్ని చెబుతారు. ‘అభ్యసన వైకల్యాలు’ అనే విస్తృత వ్యవహారం 1963లో అమెరికన్ విద్యావేత్త సామ్యూల్ కర్క్‌తో స్థిరపడింది.

మన దేశంలో 1995 నాటి చట్టం గుర్తించిన ఏడు వైకల్యాలలో ఇది లేదు. 2016 చట్టం ఆ సంఖ్యను 21కి పెంచినప్పుడు నిర్దిష్ట అభ్యసన వైకల్యాలకు చోటు దొరికింది. మాట్లాడే లేదా రాసే భాషను గ్రహించి వినియోగించుకోవడంలోని లోపంగా చట్టం దీన్ని నిర్వచించింది. డిస్లెక్సియా, డిస్‌గ్రాఫియా, డిస్‌కాల్క్యులియా, డిస్‌ప్రాక్సియా మొదలైనవి ఇందులో భాగాలు. ఇలాంటి పిల్లలను వీలైనంత తొందరగా గుర్తించి తగిన బోధనా చర్యలు తీసుకోవాలని అదే చట్టంలోని 16వ సెక్షన్ విద్యాసంస్థలను నిర్దేశిస్తున్నది.

నిర్వచనంలో ‘భాష’ అన్న మాట కీలకం. వైకల్యం భాషను గ్రహించడంలో ఉన్నదైతే, అది ఏ భాషలో, ఏ లిపిలో వ్యక్తమవుతున్నదన్న ప్రశ్న తప్పదు. ఇది వైద్యుడికి ఎంత అవసరమో తెలుగు అధ్యాపకుడికి, భాషాపరిశోధకుడికి అంతకన్నా ఎక్కువ అవసరం. అయినా మన విశ్వవిద్యాలయాల తెలుగు శాఖలలో ఈ అంశం సాహిత్యానికి వెలుపలిదిగానే మిగిలిపోయింది.

2. తెలుగు ఆఖ్యానంలో చదువురాని బిడ్డ

చదువు రానివాడి కథ తెలుగువారికి కొత్త కాదు. మన వాఙ్మయంలో, జనశ్రుతిలో అతనికి కనీసం నాలుగు రూపాలున్నాయి.

మొదటి రూపం పంచతంత్రంలోని రాజకుమారులు. అమరశక్తి అనే రాజు తన ముగ్గురు కొడుకులకు చదువు అబ్బలేదని బాధపడితే, విష్ణుశర్మ ఆరు నెలల్లో వారిని నీతిశాస్త్ర కోవిదులను చేస్తానని పూనుకుంటాడు. 1853లో వెలువడిన చిన్నయసూరి ‘నీతిచంద్రిక’ ద్వారా విష్ణుశర్మ తరతరాల తెలుగు విద్యార్థులకు పరిచితుడయ్యాడు. ఈ చట్రకథలో గమనించదగిన విషయం ఒకటుంది. విష్ణుశర్మ పిల్లలను మార్చడానికి ముందు పాఠాన్ని మార్చాడు. శాస్త్రాన్ని కథగా చేసి చెవికి అందించాడు. వైఫల్యాన్ని బోధనా పద్ధతి వైపు మళ్లించిన ఈ సూచనను మన విద్యాసంప్రదాయం నీతి వరకే స్వీకరించింది, పద్ధతిగా స్వీకరించలేదు.

రెండవ రూపం పరమానందయ్య శిష్యులు. ఏరు దాటిన తరువాత తనను విడిచి మిగిలినవారిని లెక్కపెట్టి, ఒకడు తగ్గాడని ఏడ్చే శిష్యుల కథ తెలియని తెలుగువాడు అరుదు. ఇక్కడ నేర్వలేకపోవడం హాస్యానికి సరుకు. ఈ కథ వినోదంగా ఉన్నంతసేపు బాధ లేదు. తరగతిలో లెక్క తప్పిన బిడ్డను ‘పరమానందయ్య శిష్యుడు’ అని పిలిచిన క్షణంలో కథ శిక్షగా మారుతుంది.

మూడవ రూపం కాళిదాసు గురించిన జనశ్రుతి. కూర్చున్న కొమ్మనే నరుక్కున్న అమాయకుడికి కాళికాదేవి నాలుకపై బీజాక్షరాలు రాయగానే మహాకవి అయ్యాడు. 1960 నాటి ‘మహాకవి కాళిదాసు’ చిత్రం ఈ కథను ఇంటింటికీ చేర్చింది. అక్షరం ఇక్కడ అభ్యాసఫలం కాదు, వరం. ఈ కథ ఓదార్పునిస్తుంది, కాని వరం పొందని బిడ్డకు చెప్పడానికి దాని దగ్గర ఏమీ లేదు.

నాలుగవ రూపం ఈ మూడింటికీ భిన్నమైనది. దేవరుప్పులకు పొరుగున ఉన్న పాలకుర్తి, పాల్కురికి సోమనాథుని జన్మస్థలంగా ప్రసిద్ధి. ఆయన ‘బసవపురాణం’లో ముగ్ధభక్తుల కథలు ఉన్నాయి. శివుడు విషం మింగాడని పురాణశ్రవణంలో విన్న రుద్రపశుపతి, దాన్ని జరిగిపోయిన కథగా తీసుకోలేక, శివుడు ఆ విషాన్ని ఉమిసేదాకా నీటిలోనుంచి లేవనని పట్టుబడతాడు. విన్నదాన్ని ఉన్నది ఉన్నట్లుగా గ్రహించిన ఈ భక్తుణ్ణి సోమనాథుడు నవ్వులపాలు చేయలేదు. పండితుడుగా మార్చనూలేదు. అతడి గ్రహణరీతి భిన్నమైనదని అంగీకరించి, ఆ రీతిలోనే విలువను చూపించాడు. ముగ్ధభక్తులకు అభ్యసన వైకల్యం ఉందని దీని అర్థం కాదు, అలాంటి ఆరోపణ కాలదోషం అవుతుంది. చెప్పదలచినది ఒక్కటే. భిన్నంగా గ్రహించేవాణ్ణి హీనుడుగా చూడని చూపు మన సాహిత్యంలో ఒకప్పుడు ఉంది. ‘మంద’ అన్న మాటకు బదులు ‘ముగ్ధ’ అన్న మాటను ఎంచుకోవడంలోనే ఆ చూపు తెలుస్తున్నది.

వ్యవహార భాష కూడా పరిశీలించదగినదే. ‘వాడికి చదువు అబ్బలేదు’, ‘తలకెక్కలేదు’, ‘వంటబట్టలేదు’ అంటాం. ఈ వాక్యాలలో కర్త చదువు. బిడ్డ ‘కి’ ప్రత్యయంతోనో, ‘తల’, ‘ఒళ్లు’ రూపంలోనో ఉంటాడు. చదువే వచ్చి అబ్బాలి, ఎక్కాలి, పట్టాలి. ఈ నిర్మాణం బిడ్డ సోమరితనాన్ని నిందించకపోవడం మేలే. అదే సమయంలో నేర్పేవారిని వాక్యంలో కనబడనివ్వదు. చదువు అబ్బకపోవడం విధివిలాసం అయిపోతుంది. ‘మొద్దు’, ‘బండ’, ‘మట్టిబుర్ర’ అన్న నామవాచకాలు ఆ విధిని బిడ్డ శరీరానికి అంటగడతాయి. అభ్యసన వైకల్యాన్ని మేధో వైకల్యంతో కలిపి చూసే పొరపాటుకు ఈ పదజాలం పునాది వేస్తున్నది.

3. తెరమీది ఇషాన్, పుస్తకంలోని టొటోచాన్

మన మధ్యతరగతికి డిస్లెక్సియా అన్న మాటను పరిచయం చేసింది 2007లో వచ్చిన ఆమిర్‌ఖాన్ హిందీ చిత్రం ‘తారే జమీన్ పర్’. ఇషాన్ అవస్థి సోమరి కాడని, అతడికి అక్షరాలే నిలకడగా కనిపించడం లేదని ఆ చిత్రం తల్లిదండ్రులకు చెప్పగలిగింది. దాని మేలును తక్కువ చేయలేం. అయినా రెండు పరిమితులు ఉన్నాయి. బాలుడి తప్పులను వివరించే కీలక సన్నివేశంలో ఇంగ్లీషు అక్షరాల తారుమారే ప్రధానం. చూసినవారి మనసులో డిస్లెక్సియా అంటే అద్దంలో అక్షరం అన్న సమీకరణం నిలిచిపోయింది. రెండవది, చిత్రం బాలుడి చిత్రలేఖన విజయంతో ముగుస్తుంది. ఇది కాళిదాసు కథకు ఆధునిక రూపమే. బొమ్మలు వేయడం రాని, బహుమతి గెలవని, చదవలేక మాత్రమే కష్టపడుతున్న బిడ్డకు గౌరవం దేని వల్ల దక్కాలి? ప్రతిభ ఉన్నందుకు క్షమించే సమాజం, ప్రతిభ లేనివాణ్ణి తిరిగి మొద్దు అనే అంటుంది.

తెలుగులో ‘రైలుబడి’గా పేరుపొందిన టెట్సుకో కురొయనాగి రచన, ‘పగటి కల’గా వచ్చిన గిజుభాయి బధేకా రచన వేరే దారి చూపుతాయి. మొదటి బడి నుంచి పంపించివేయబడిన టొటోచాన్‌కు కొబయాషి బడిలో ఏ వరమూ దొరకలేదు, ఓపికగా వినే ప్రధానోపాధ్యాయుడు దొరికాడు. విష్ణుశర్మ చేసిన పనిని ఈ రచనలు పద్ధతిగా మార్చాయి. మన ఉపాధ్యాయ శిక్షణలో వీటిని స్ఫూర్తి కోసం చదివిస్తారు. అభ్యసన వైకల్యం గురించిన పాఠంతో వీటిని జోడించడం మాత్రం అరుదు.

4. తెలుగు లిపి: అనువదించలేని లక్షణాలు

ఇంగ్లీషు గ్రంథాలలో డిస్లెక్సియా లక్షణాలు 26 అక్షరాలు, క్రమంలేని వర్ణక్రమం ఉన్న భాష నుంచి పుట్టాయి. తెలుగు లిపి స్వభావం వేరు.

4.1. తెలుగులో రాసినదాన్ని పలకడం చాలావరకు నియమబద్ధం. జర్మన్, ఇటాలియన్ వంటి పారదర్శక లిపులలో జరిగిన అధ్యయనాలు, అక్కడ డిస్లెక్సియా తప్పు చదవడంలో కన్నా నెమ్మదిగా చదవడంలో ఎక్కువగా బయటపడుతుందని తేల్చాయి. దీనికి తెలుగులో చక్కని మాట ఉంది: కూడబలుక్కోవడం. అక్షరం అక్షరం కూర్చుకొని చదవడం ప్రతి బిడ్డకూ ఒక దశ. తోటివారు ఆ దశ దాటి ఏళ్లు గడిచినా ఒక బిడ్డ అక్కడే ఉండిపోతే, తప్పులు తక్కువగా ఉన్నా అది పట్టించుకోవలసిన సంకేతం. తప్పులను మాత్రమే లెక్కించే పరీక్షకు ఈ బిడ్డ దొరకడు.

4.2. ఇంగ్లీషులో చెప్పే అద్దపు తారుమారు తెలుగు అక్షరాలకు అంతగా వర్తించదు. తెలుగులో భేదం తరచుగా చిన్న గీతలో, చుక్కలో ఉంటుంది. ద–ధ–థ, బ–భ, చ–ఛ, ర–ఠ ఇందుకు ఉదాహరణలు. మ–వు, ప–ష వంటి జతలలో కలయిక మరో రకం. ‘కా’లోని దీర్ఘం ఒకలా ఉంటే ‘మా’, ‘హా’లలో దాని రూపం, స్థానం వేరు.

4.3. అన్నిటికన్నా ముఖ్యమైనది ధ్వని క్రమానికీ లిపి క్రమానికీ ఉన్న ఎడం. ‘భక్తి’ అన్న మాటలో ‘ఇ’ ధ్వని వినబడేది తకారం తరువాత. రాతలో గుడి ఉండేది కకారం మీద, తకారం కింద ఒత్తుగా చేరుతుంది. వినే క్రమంలో చేయి నడిపే బిడ్డ ‘భకతి’ అనో, ‘భకిత’ అనో రాయవచ్చు. ‘స్త్రీ’లో ఈ చిక్కు రెట్టింపు. ధ్వనులను విడదీసి వరుసలో నిలుపుకోవడం కష్టమైన బిడ్డకు సంయుక్తాక్షరం నిజమైన పరీక్ష. ఈ లక్షణం ఏ ఇంగ్లీషు పట్టికలోనూ దొరకదు.

4.4. గుణింతరూపాలే కొన్ని వందలు. వీటికి ఒత్తులు తోడు. మన లిపికి సన్నిహితమైన కన్నడంపై సోనాలి నాగ్ 2007లో ప్రకటించిన అధ్యయనం, అక్షరజ్ఞానం పూర్తిగా ఒంటబట్టడం ప్రాథమిక తరగతుల చివరిదాకా సాగుతుందని చూపింది. తెలుగు పిల్లలు ధ్వనిపరమైన సమాచారాన్ని ఎలా గ్రహిస్తారన్నదానిపై ఉస్మానియా విశ్వవిద్యాలయ భాషాశాస్త్రవేత్త దుగ్గిరాల వసంత 2004లో అంతర్జాతీయ పత్రికలో పరిశోధన ప్రకటించారు. ఈ దారి తెలుగు శాఖలకు ఇంకా అపరిచితంగానే ఉంది. జాతీయ మెదడు పరిశోధన కేంద్రం 2015లో వెలువరించిన ‘డాలి’ అనే డిస్లెక్సియా నిర్ధారణ సాధనం కూడా మొదట హిందీ, మరాఠీ, కన్నడ, ఇంగ్లీషు భాషలలో రూపొందింది. తొలి విడతలో తెలుగు లేదు.

ఈ నేపథ్యంలో ఒక విధాన సమస్య తలెత్తుతుంది. 2018 జనవరిలో కేంద్రప్రభుత్వం వెలువరించిన మార్గదర్శకాలు మూడవ తరగతిలో లేదా ఎనిమిదేళ్ల వయసులో, ఏది ముందైతే అప్పుడు, పిల్లలను పరిశీలించాలని సూచించాయి. తెలుగు బిడ్డ ఆ వయసులో ఇంకా సంయుక్తాక్షరాలతో కుస్తీ పడుతూనే ఉంటాడు. లిపి స్వభావం తెలియని పరిశీలకుడు సహజమైన ఆలస్యాన్ని వైకల్యంగా భావించవచ్చు. లేదా ‘ఒత్తులు అందరికీ కష్టమే’ అని నిజమైన వైకల్యాన్ని వదిలేయవచ్చు. రెండు పొరపాట్లలోనూ నష్టపోయేది బిడ్డే.

5. దేవరుప్పుల: భాషాభేదమా, వైకల్యమా?

లిపి నుంచి తరగతి గదిలోకి వస్తే సమస్య మరింత చిక్కబడుతుంది. జనగామ నుంచి సూర్యాపేట వెళ్లే దారిలోని దేవరుప్పుల మండలాన్ని ఉదాహరణగా తీసుకోవచ్చు. 1946 జూలై 4న దొడ్డి కొమరయ్య అమరుడైన కడవెండి ఈ మండలంలోనిదే. దొరల ఏలుబడిలో అక్షరానికి దూరంగా ఉంచబడిన కుటుంబాలకు చదువు ఇటీవలి సంపద. అందువల్ల ఇక్కడ ఒక బిడ్డ చదవలేకపోతే ‘ఇంట్లో చదువుకున్నోళ్లు లేరు’ అన్న వివరణ సిద్ధంగా ఉంటుంది. చాలామంది విషయంలో అది నిజం కూడా. కాని ఆ వివరణ అందరినీ ఒకే గుడ్డతో కప్పేస్తుంది. దాని కింద అభ్యసన వైకల్యం ఉన్న బిడ్డ కనబడకుండా పోతాడు. పట్టణంలోని చదువుకున్న కుటుంబంలో ఇదే ఇబ్బంది వైద్యుడి దాకా వెళ్తుంది. ఇక్కడ అది బడి మానేయడంతో ముగిసే ప్రమాదం ఉంది.

అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ 2013లో వెలువరించిన డి.ఎస్.ఎం.-5 ప్రకారం, తగిన సహాయం అందించినా కనీసం ఆరు నెలలు ఇబ్బంది కొనసాగాలి. సరైన బోధన లేకపోవడం, బోధనాభాషపై పట్టు లేకపోవడం దానికి కారణాలు కాకూడదు. ఈ షరతును తెలంగాణ గ్రామీణ తరగతికి అన్వయించాలంటే మూడు రకాల తప్పులను వేరుచేయాలి.

మొదటిది మాండలికం నుంచి వచ్చేది. ‘చదువు’ను ‘సదువు’ అని, ‘వేప’ను ‘యాప’ అని, ‘భారతం’ను ‘బారతం’ అని రాసిన బిడ్డ తాను విన్నదాన్ని నమ్మకంగా రాశాడు. ఈ తప్పులకు క్రమం ఉంది, తరగతిలో చాలామంది చేస్తారు, ముందే ఊహించవచ్చు. నిజానికి ఇవి అతడి ధ్వనిగ్రహణం బాగుందనడానికి ఆధారాలు.

రెండవది ఇంటిభాష వేరు కావడం వల్ల వచ్చేది. ఈ ప్రాంతంలోని తండాల లంబాడీ పిల్లలకు ఇంట్లో మాట గోర్‌బోలి. వారికి తెలుగు బడిభాష. 2022–23 నుంచి ప్రభుత్వ బడులలో 1 నుంచి 8వ తరగతి వరకు ఇంగ్లీషు మాధ్యమం వచ్చి, ద్విభాషా పాఠ్యపుస్తకాలు చేతికందాయి. ఒక బిడ్డ ఒకేసారి మూడు భాషలతో తలపడుతున్నప్పుడు పదసంపద లోటును చదువులోని లోటుగా పొరబడటం సులభం.

మూడవది అభ్యసన వైకల్యాన్ని సూచించగలది. దీనికి నిలకడ ఉండదు. ఒకే మాటను ఒకే పుటలో మూడు రకాలుగా రాయడం, మాటలోని అక్షరాలను వదిలేయడం లేదా వరుస మార్చడం, తెలిసిన గుణింతాన్ని మరునాడు మరవడం, చూచిరాత శుభ్రంగా ఉండి ఉక్తలేఖనం కూలిపోవడం వంటివి కలిసి కనబడి, నెలల తరబడి కొనసాగితే నిపుణుల పరిశీలన అవసరం. ఇవి అనుమానానికి ఆధారాలే తప్ప నిర్ధారణ కావు. నిర్ధారణ ఉపాధ్యాయుడి పని కాదు.

ఈ మూడింటి మధ్య గీత గీయగలవాడు ఎవరు? బెంగళూరు నిమ్హాన్స్ రూపొందించిన పరీక్షాసాధనాలు, సికింద్రాబాదు మనోవికాస్ నగర్‌లోని జాతీయ సంస్థ, మండలస్థాయిలో సమగ్ర శిక్ష కింద నడిచే భవిత కేంద్రాలు ఎవరి పని అవి చేస్తాయి. కాని బిడ్డ ఆ గడప తొక్కాలంటే ముందుగా అతడి నోటుపుస్తకాన్ని చదవగలిగిన తెలుగు ఉపాధ్యాయుడు కావాలి. 2022లో మొదలైన ‘తొలిమెట్టు’ కార్యక్రమం పిల్లలను స్థాయిలవారీగా గుర్తించడం మంచి ప్రయత్నం. ఎవరు వెనుకబడ్డారో అది చెప్పగలదు. ఎందుకు వెనుకబడ్డారన్న ప్రశ్నకు తప్పు స్వభావంలోనే జవాబు వెతకాలి.

6. చెవి చదువు, కంటి చదువు

మోర్గాన్ బాలుడి గురించి ఉపాధ్యాయుడు అన్న మాటను జనగామ ప్రాంతంలో తేలికగా తీసుకోలేం. ఇది నోటిచదువుకు పుట్టినిల్లు. ఒగ్గుకథకు జాతీయస్థాయి గౌరవం తెచ్చిన చుక్క సత్తయ్య ఈ జిల్లాలోని మాణిక్యాపురం వాస్తవ్యులు. గంటల తరబడి సాగే కథను విని, మనసున పట్టి, సభను బట్టి పెంచి తగ్గించే విద్య ఇక్కడ గురుశిష్య పరంపరగా నిలిచింది. సోమనాథుడు ద్విపదను ఎంచుకున్నది కూడా పాడుకొని వినేవారికి అందాలనే. జ్ఞానానికి కంటిచదువు ఒక్కటే దారి కాదని ఈ ప్రాంత సాహిత్య చరిత్ర చెబుతున్నది.

దీన్ని ‘వీరికి చదువు అక్కర్లేదు’ అన్న వాదంగా మలచకూడదు. చదవగలగడం ప్రతి బిడ్డ హక్కు. పాఠాన్ని వినిపించడం, జవాబును నోటితో చెప్పించడం, పరీక్షలో అదనపు సమయం లేదా లేఖకుని సహాయం ఇవ్వడం చదువుకు ప్రత్యామ్నాయాలు కావు. అక్షరం మీద పట్టు వచ్చేలోగా విషయజ్ఞానం ఆగిపోకుండా కాపాడే సాధనాలు. పోతన పద్యాన్ని విని అప్పజెప్పగల బిడ్డకు, దాన్ని రాయలేదన్న కారణంతో సున్నా వేస్తే మనం కొలిచింది సాహిత్యాన్ని కాదు, చేతిరాతను.

7. ముగింపు

అభ్యసన వైకల్యంపై తెలుగు అవగాహన ఇంతవరకు కథ ఇచ్చిన ముద్రకూ, అనువాదం ఇచ్చిన పట్టికకూ మధ్య ఊగిసలాడింది. పై పరిశీలన నుంచి ఈ నిర్ణయాలు తేలుతున్నాయి.

- పంచతంత్ర చట్రకథ, ముగ్ధభక్తుల కథలు భిన్నంగా నేర్చుకునేవారిని గౌరవించే నమూనాలను ఇస్తున్నాయి. పరిహాసకథలు, వరప్రసాదకథలు ఆ నమూనాలను కప్పివేశాయి.
- తెలుగులో ప్రధాన సంకేతాలు కూడబలుకు దశ దాటకపోవడం, గుణింతాలలో నిలకడలేమి, సంయుక్తాక్షరాలలో ధ్వనిక్రమం చెదరడం వంటి వాటిలో వెతకాలి. అద్దపు అక్షరాల కోసం ఎదురుచూస్తే బిడ్డను పోగొట్టుకుంటాం.
- మాండలిక రూపాలను, ఇంటిభాష ప్రభావాన్ని వైకల్యంగా లెక్కించడం అన్యాయం. నిజమైన వైకల్యాన్ని వెనుకబాటుతనంగా కొట్టిపారేయడం అంతకు తక్కువ అన్యాయమేమీ కాదు.
- సరళపదాలు, గుణింతపదాలు, ద్విత్వాక్షరాలు, సంయుక్తాక్షరాలు, సంశ్లేషాక్షరాలు అన్న మన పాఠ్యక్రమమే ఒక సిద్ధమైన నిచ్చెన. బిడ్డ ఏ మెట్టు దగ్గర ఎంతకాలంగా ఆగాడో నమోదు చేస్తే నిపుణులకు పనికివచ్చే మొదటి ఆధారం అదే.

తెలుగు శాఖలలో లిపి పరిణామంపై, మాండలికాలపై విలువైన పరిశోధన జరిగింది. ఆ జ్ఞానం ప్రాథమిక పాఠశాల ఉక్తలేఖనం పుస్తకం దాకా దిగిరావాలి. దేవరుప్పుల వంటి ఒక్క మండలంలో పిల్లల రాతలోని తప్పులను, పేర్లు వెల్లడించకుండా, మూడేళ్లపాటు సేకరించి వర్గీకరించినా అది పిహెచ్.డి. స్థాయిలో దృఢమైన అంశం అవుతుంది. వైద్యుడు పేరు పెట్టగలడు, చట్టం హక్కు ఇవ్వగలదు. ‘భక్తి’ని ‘భకిత’ అని రాసిన చేయి ఎక్కడ తడబడిందో చెప్పగలిగినవాడు మాత్రం తెలుగు లిపి తెలిసిన అధ్యాపకుడే.